ఆరంగుళాల కాలిబాట మాయం

"ఒరేయ్ క్లెమ్, అద్దంలో చూసుకున్నప్పుడల్లా నా బుర్రంటే నాకే భయమేస్తుందిరా" అన్నాడు మెర్విన్, గడ్డానికి అంటిన కొబ్బరి తురుము దులుపుకోకుండానే. "విక్టోరియా రాష్ట్రంలో ఉన్న నేరస్థులందరి అదృష్టం ఏమిటంటే, నేనీ చిన్న ఊళ్లో పుట్టడం. మెల్బోర్న్‌లో పుట్టుంటే అక్కడి జైళ్లు చాలేవి కావు."

నేను టీ తాగుతూ ఊరుకున్నాను. ఇరవై ఎనిమిదేళ్లు స్కూలు బస్సు నడిపినవాణ్ని. వెనకసీట్లోంచి వచ్చే మాటలకు జవాబివ్వకుండా ముందుకు చూస్తూ పోవడం నాకు అలవాటే. మెర్విన్‌కి ఊళ్లో నేనొక్కణ్నే స్నేహితుడిగా మిగలడానికి కారణం అదే.

మెర్విన్ ముప్పై ఒక్క ఏళ్లు నీళ్ల మీటర్ల రీడింగులు తీశాడు. రిటైరైన మర్నాడే, ఊళ్లో ప్రతి పెరట్లోకీ తొంగిచూసిన ఏకైక మనిషిని కనుక డిటెక్టివ్ కావడం తన ధర్మమని ప్రకటించి కార్డులు అచ్చేయించాడు. ఇప్పటికి ఇద్దరు నేరస్థుల్ని పట్టుకున్నాడు. ఒకడు పేపరు కుర్రాడు, పేపరు వేస్తూ దొరికాడు. రెండోవాణ్ని నేను. భోజనానికి రమ్మంటే వెళ్లి తలుపు తట్టబోతుండగా వెనక నుంచి వచ్చి మీద పడ్డాడు.

ఆ బుధవారం పొద్దున ఫోను మోగింది. గోల్డింగ్ వీధి నుంచి విల్మా గారు. ఎనభై ఒక్కేళ్ల మనిషి, మాట మాత్రం గంటలా ఉంటుంది. ఫోను మెర్విన్ చెవి దగ్గరున్నా నాకు స్పష్టంగా వినిపించింది.

"మెర్విన్ బాబూ, మా గేటు ముందు కాలిబాటలో ఒక ముక్క కనిపించడం లేదయ్యా."

మెర్విన్ ఫోను పెట్టేసి మెల్లగా లేచి నిలబడ్డాడు.

"విన్నావా? నగలెత్తుకుపోయే దొంగల్ని చూశాం. కార్లెత్తుకుపోయే దొంగల్ని చూశాం. నడిచే బాటనే ఎత్తుకుపోయే ఘరానా దొంగ ఇన్నాళ్లకు మన చేతికి చిక్కాడు."

"నగలెత్తుకుపోయేవాణ్ని మనం ఎప్పుడు చూశాంరా?"

"పేపర్లో. లే, పద."

మా ఊళ్లో ప్రతి ఇంటికీ కంచె, కంచెను ఆనుకుని కాలిబాట, కాలిబాటకీ రోడ్డుకీ నడుమ గడ్డి పట్టీ ఉంటాయి. ఆ గడ్డి కౌన్సిల్ సొత్తు, కోసే చాకిరీ మాత్రం మాది. విల్మా గారింటి ముందు గడ్డి కాలిబాట కంటే రెండంగుళాలు ఎత్తుగా ఉంటుంది. కారు దిగి గడ్డి మీద నడిచి కాలిబాట మీద అడుగు పెట్టేసరికి కనపడని మెట్టేదో దిగినట్టయి మనిషి తూలుతాడు. ఎన్నిసార్లు వెళ్లినా నాకు గుర్తుండి చావదు. ఆ రోజూ తూలి, కాలిబాటను తిట్టుకున్నాను.

విల్మా గారు గేటు దగ్గర చేతికర్ర పట్టుకుని నిలబడి ఉన్నారు. చేతిలో కౌన్సిల్ వాళ్ల కాగితం ఉంది.

"రేపు పొద్దున ఎనిమిదింటికి పాత కాలిబాట అంతా పీకేస్తారట, కొత్తది పోస్తారట" అన్నారు. "పీకితే పీకారు, పగుళ్లతో ఛస్తున్నాం. కానీ మా ఆయన డెస్ రాసిన ముక్క అందులోనే ఉంది."

ఆమె చెప్పిన కథ ఇది. ఏభై ఏళ్ల కిందట ఈ కాలిబాట పోసిన రోజు పొద్దున ఎవరో గేటు తెరిచి వదిలేశారు. విల్మా గారి కోళ్లన్నీ బయటికొచ్చి తడి సిమెంటు మీద ఊరేగాయి. కూలీలు తిట్టుకుంటూ మళ్లీ చదును చేశారు. గేటు తెరిచింది నువ్వంటే నువ్వని మొగుడూ పెళ్లాలు మధ్యాహ్నం దాకా పోట్లాడుకున్నారు. సాయంత్రం డెస్ ఒక్కడూ బయటికి వెళ్లి, గడ్డి వైపు అంచున, మేకుతో "సారీ విల్మా" అని రాసి లోపలికొచ్చి అన్నం తిని పడుకున్నాడు.

"నలభై ఆరేళ్ల కాపురంలో ఆ మనిషి సారీ చెప్పింది అదొక్కసారే. అదీ నోటితో కాదు, మేకుతో" అన్నారు విల్మా గారు. "ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. నాకు చూపు మసకేసింది. రోజూ దాని పక్కనుంచే పోతున్నాననుకున్నాను. కాగితం వచ్చాక వంగి వెతికితే అది లేదు. మేస్త్రి మంచి పిల్ల, ఎక్కడుందో చూపిస్తే రంపంతో కోసి నా చేతికిస్తానంది. చూపించలేకపోతే అన్నిటితో పాటు యంత్రం కిందికే పోతుందట. ఒక్కసారి చేత్తో తడుముకుంటే చాలు నాకు."

చివరి మాట దగ్గర ఆ గంట లాంటి గొంతు సన్నబడింది. నాకు ఎటు చూడాలో తెలియలేదు.

మెర్విన్ అప్పటికే మోకాళ్ల మీద ఉన్నాడు. భూతద్దం తీసి ఒక చీమను చాలాసేపు పరిశీలించాడు. తర్వాత టేపు తీసి కాలిబాట వెడల్పు కొలిచాడు. పక్కింటి ముందు కొలిచాడు. మళ్లీ వచ్చి ఇక్కడ కొలిచాడు. లేచేటప్పటికి మొహంలో రక్తం లేదు.

"పక్కింటి ముందు నాలుగడుగులు. ఇక్కడ మూడున్నర. క్లెమ్, ఆరంగుళాల కాలిబాటను ఎవడో గీత గీసినట్టు కోసుకుపోయాడు."

నేనూ కొలిచాను. నిజమే, సరిగ్గా ఆరంగుళాలు తక్కువ. ఇద్దరం వంగి ఆ అంచును చూశాం, గడ్డి మీదనే చేతులాన్చి మరీ చూశాం. ఆ సంగతి ఇప్పుడు తల్చుకుంటే నాకు సిగ్గేస్తుంది.

"ఇక్కడ చూడు, అంచు పొడుగునా నీళ్లు నిలిచాయి" అన్నాడు మెర్విన్. "దొంగ పని అయ్యాక సాక్ష్యాలు కడిగేసి వెళ్లాడు."

"నిన్న వానొచ్చిందిరా. గడ్డి ఎత్తుగా ఉంది, నీళ్లు పోయే దారిలేక నిలిచాయి."

"వానను కూడా వాడుకున్నాడన్నమాట. మామూలోడు కాదు."

ఇంతలో కాలిబాట మీద నీలం రంగు బాణం గుర్తొకటి అతని కంట పడింది. పక్కన రెండు అంకెలు, ఒక సున్నా. "ముఠా సంకేతం" అని గుసగుసలాడి, నన్ను వెనక రమ్మని సైగ చేసి, ఆ బాణాల వెంబడి పొదల చాటున వంగి నడవడం మొదలుపెట్టాడు. మూడిళ్లు దాటాం. నాలుగో బాణం ఒక మూత దగ్గర ఆగింది. మెర్విన్ ఊపిరి బిగబట్టి మూత ఎత్తాడు. లోపల నీళ్ల మీటరు ఉంది.

ముప్పై ఒక్క ఏళ్లు అవే మూతలెత్తి బతికిన మనిషి. అలవాటు కొద్దీ జేబులోంచి పెన్సిలు తీసి రీడింగు రాసుకుని, అప్పుడు నా వైపు చూశాడు.

"దారి తప్పించడానికి వేసిన ఎత్తు" అన్నాడు.

"తవ్వేవాళ్లకి పైపులు ఎక్కడున్నాయో తెలియాలని కౌన్సిల్ వాళ్లు వేసిన గుర్తురా అది."

"నీలాంటి వాళ్లు అలా అనుకోవాలనే వేశారు."

అనుమానితుల జాబితా వేశాం. అందులో ఒక్క పేరే వచ్చింది. విల్మా గారి పక్కింటి ఉర్బానో. ఇటలీ నుంచి చిన్నప్పుడే వచ్చి స్థిరపడ్డాడు. తన ఇంటి ముందు గడ్డి బొత్తిగా లేకుండా సిమెంటు పోయించి, దానికి ఆకుపచ్చ రంగు వేయించాడు. తీరని కోత సరదా అంతా విల్మా గారి ముందున్న గడ్డి మీద తీర్చుకుంటాడు. డెస్ పోయినప్పటి నుంచి పదిహేను రోజులకోసారి కోస్తాడు, ప్రతి సెప్టెంబరులో బస్తాలకొద్దీ మట్టి, ఎరువు చల్లుతాడు. పైసా పుచ్చుకోడు.

"ఇంటి నిండా సిమెంటు" అన్నాడు మెర్విన్ గేటు తీస్తూ. "మనిషికి సిమెంటు యావ ఉంది. వాకిలి నిండా పోయించినా ఇంకో ఆరంగుళాలు కావాలనిపిస్తుంది. యావంటే అదేగా."

ఉర్బానో కాఫీ పోశాడు. మెర్విన్ ముట్టుకోకుండా అతని కళ్లలోకి చూశాడు.

"ఉర్బానో, దాచి లాభం లేదు. సిమెంటుది, బూడిద రంగుది, బరువైనది ఒకటి నీ ఇంటికి చేరింది. అవునా?"

ఉర్బానో కప్పు కింద పెట్టి పెరటి వైపు చూశాడు. నేను నిటారుగా కూర్చున్నాను.

"నీకెవరు చెప్పారు?"

"నాకు గాలి చెబుతుంది. ఎప్పుడు తీసుకున్నావ్?"

"మార్చిలో. తెల్లారగట్ల, ఎవరూ లేవకముందు, తోపుడుబండి మీద."

"ఒక్కడివేనా?"

"ఒక్కణ్నే ఎలా ఎత్తుతానయ్యా అంత బరువు? మా ఆవిడ కాళ్లు పట్టుకుంది."

"వద్దు, పాపం అని నీ కాళ్లు పట్టుకుందా?"

"నా కాళ్లెందుకు? దాని కాళ్లు."

మెర్విన్ నా చెవిలో అన్నాడు: "రాసుకో. కాళ్లు లేకుండా కాలిబాట అని పేరెలా వస్తుంది?" తర్వాత పైకి, "ముక్కలు చేశావా దాన్ని?"

"అయ్యో, లేదు. దింపేటప్పుడు ఒక చెవి విరిగింది. అంటించాను. కంగారు పడకు మెర్విన్, వచ్చి చూసుకో."

పెరట్లో టమాటా మొక్కల మధ్య నిలబడి ఉంది సిమెంటు కంగారూ. మెర్విన్ ఇంటి ముందు ఇరవై ఏళ్లు కాపలా కాసి, ఆర్నెల్ల కిందట మాయమైన కంగారూ. దాని పేర మెర్విన్ ఇంకా ఒక లావుపాటి ఫైలు నడుపుతున్నాడు. ఆ కేసులో అనుమానితుల్లో నేను మూడోవాణ్ని.

"పాత సామాను వారంలో మీ గ్లెనిస్సే దీన్ని గడ్డి మీద పెట్టింది" అన్నాడు ఉర్బానో నేలచూపులు చూస్తూ. "తీసుకుపో, పుణ్యముంటుంది, మా ఆయనకు మాత్రం చెప్పకు అంది."

పాత సామాను వారమంటే మాకు పండుగ. అక్కర్లేని వస్తువులన్నీ ఇంటి ముందు గడ్డి మీద పెడతాం. లారీ వచ్చేలోగా ఎవరికి నచ్చింది వాళ్లు పట్టుకుపోవచ్చు. గడ్డి మీద పెట్టాక దానికి ఓనరు లేడు. ఈ నియమం ఏ కాగితం మీదా లేదు, కానీ మా ఊళ్లో దీన్ని తప్పినవాడు లేడు.

మెర్విన్ కంగారూకి అంటించిన చెవిని మెల్లగా నిమిరాడు. భార్య చేసిన ద్రోహానికి బాధపడుతున్నాడనుకుని నేను అతని భుజం తట్టబోయాను.

"దొరికింది" అన్నాడు. "గడ్డి మీదున్నది ఎవరైనా తీసుకోవచ్చు. కాలిబాట అంచు గడ్డిని ఆనుకునే ఉంటుంది. ఎవడో అమాయకుడు అది కూడా పాత సామానే అనుకున్నాడు."

"ఒరేయ్, కాలిబాటని ఎవడైనా పాత సామాననుకుంటాడా?"

"పగుళ్లు చూడలేదూ? నువ్వైతే ఉంచుకుంటావా?"

మధ్యాహ్నమంతా వీధిలో ఇంటింటికీ తిరిగి, మీ ఇంట్లో ఆరంగుళాల కాలిబాట ఉందా అని అడిగాం. ఒకావిడ లేదని చెప్పి, పంచదార కావాలంటే ఇస్తానంది. ఇంకో ఇంట్లో కుక్కను వదిలారు.

సాయంత్రం విల్మా గారి షెడ్డు వెతికాం. మూలన పొడుగాటి కర్ర, దాని కొసన అర్ధచంద్రంలాంటి రేకు. మెర్విన్ రుమాలుతో పట్టుకుని బయటికి తెచ్చాడు.

"హత్యాయుధం. ఎర్రటి మరకలు కూడా."

"తుప్పు" అన్నాను.

"అది మా డెస్ గడ్డి అంచులు కోసేదయ్యా" అన్నారు విల్మా గారు. "మొద్దుబారకుండా చూసుకునేవాడు. ప్రతి శనివారం గేటు ముందు అంచు పొడుగునా తొక్కుకుంటూ వెళ్లేవాడు. ఆయన పోయాక దాన్ని ముట్టినవాళ్లు లేరు."

"ఉర్బానో కోస్తాడు కదా?" అన్నాను.

"అతను పైనే కోస్తాడు. అంచుల జోలికి పోడు. అది డెస్ పని, నేను చెయ్యి పెట్టను అంటాడు."

"ఇవన్నీ కేసుకు అనవసరమైన వివరాలండీ" అన్నాడు మెర్విన్, చెయ్యి అడ్డం పెట్టి.

చీకటి పడుతుంటే అతన్ని కారులో ఇంటికి తీసుకెళ్లాను. దిగేటప్పుడు అన్నాడు: "క్లెమ్, ఆవిడ మనల్ని నమ్ముకుందిరా." ఆ ఒక్క మాటకి పొద్దుటి నుంచి తిట్టుకున్నవన్నీ నేను వెనక్కి తీసుకున్నాను.

గురువారం ఎనిమిది కాకముందే యంత్రం వచ్చి నిలబడింది. మేస్త్రి టెగన్, ముప్పై ఏళ్ల పిల్ల, బూట్ల నిండా సిమెంటు. ఉర్బానో వచ్చాడు. విల్మా గారు కంచె పట్టుకుని నిలబడ్డారు. రాత్రంతా నిద్రపోలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. మెర్విన్ అందర్నీ గడ్డి మీద అర్ధవృత్తంగా నిలబెట్టి, చేతిలో ఆ అర్ధచంద్రపు కత్తితో మధ్యలోకి వచ్చాడు.

"మీలో ఒకరు" అన్నాడు, "గడ్డి తిన్నారు."

ఉర్బానో నా వైపు తిరిగి, "నేను కోస్తాను గానీ తినను" అన్నాడు.

"ఏం జరిగిందో ఇప్పుడు కళ్లకు కట్టినట్టు చూపిస్తాను. దొంగ ఇలా వచ్చాడు. ఇలా నిలబడ్డాడు. ఈ ఆయుధాన్ని కాలిబాట అంచున ఇలా ఆనించి..."

"సార్, దాంతో కాంక్రీటు తెగదు" అంది టెగన్. "పైగా మీరు పెట్టింది గడ్డి మీద."

"మేస్త్రమ్మా, మీ పని మీరు చూసుకోండి. ఆనించి, దేవుణ్ని తల్చుకుని, రెండు కాళ్లతో ఇలా ఎగిరి..."

ఎగిరాడు. మెర్విన్ బరువు నూట రెండు కిలోలు. కత్తి గడ్డిలోకి సర్రున దిగి, కింద దేనికో ఖంగున తగిలి ఆగిపోయింది. మెర్విన్ ఆగలేదు. కర్రను వదలకుండా వెల్లకిలా రోడ్డు వైపు పడ్డాడు. అతనితో పాటే కర్ర, కర్రతో పాటే మూరెడు పొడుగున గడ్డి పెళ్ల వేళ్లతో సహా పైకి లేచి, పెనం మీద అట్టు తిరగేసినట్టు తిరగబడింది.

కింద బూడిద రంగు కాంక్రీటు ఉంది. తడిగా, పగులన్నది లేకుండా, నిన్ననే పోసినట్టుంది.

ముందుగా టెగన్ వంగి చేత్తో మట్టి తుడిచింది. ఒక అక్షరం కనిపించింది. ఇంకొకటి. నేనూ ఉర్బానో మోకాళ్ల మీద కూలబడి చేతుల్తో గడ్డి పీకడం మొదలుపెట్టాం. పెళ్లలు పెళ్లలుగా లేచి వచ్చింది. "సారీ విల్మా."

"దొంగ ఎవడు?" అన్నాడు మెర్విన్ ఆకాశంలోకి చూస్తూ, పడినచోటి నుంచే.

"ఎవడూ గడ్డి తినలేదురా" అన్నాను. "గడ్డే కాలిబాటను తినేసింది. ఏటా మట్టి వేస్తుంటే ఎత్తు పెరిగింది, అంచు కోసేవాడు లేక మీదికి పాకింది. ఆరంగుళాలూ ఇక్కడే ఉన్నాయి."

"నేను చెప్పలేదూ, కేసు గడ్డిలోనే ఉందని?" అన్నాడు మెర్విన్, లేవడానికి చెయ్యి చాచి.

ఉర్బానో మొహం చిన్నబోయింది. "నేనే కప్పేశాను. తొమ్మిదేళ్లు మట్టి మోసి మోసి నేనే కప్పేశాను విల్మా గారూ."

"కప్పావు కాబట్టే మిగిలింది బాబూ" అన్నారు ఆవిడ. "లేకపోతే ఇన్నేళ్ల నడకలకి అరిగిపోయేది కాదూ." చేతికర్ర నాకిచ్చి, ఉర్బానో భుజం పట్టుకుని మెల్లగా కిందికి వంగి కూర్చున్నారు. ఒక్కో అక్షరం మీదా వేలు పోనిచ్చారు. అప్పుడు ఏడ్చారు, దాచుకోకుండా. మెర్విన్ టోపీ తీశాడు. నా కళ్లూ తడిసాయి, ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

టెగన్ ఇంకా తుడుస్తూనే ఉంది. "కింద ఇంకో వరుస ఉందండీ, చిన్న అక్షరాలు" అంది. విల్మా గారి చెయ్యి గభాల్న దాని మీదికి వెళ్లింది గానీ, ఆలస్యమైంది. అందరం చదివేశాం.

"గేటు తెరిచింది మాత్రం నేను కాదు."

మెర్విన్ దగ్గాడు. "ఇది క్షమాపణ కాదండీ. ఇది వాంగ్మూలం."

"మరి ఇన్నేళ్లూ సారీ చెప్పాడన్నారు?" అన్నాను.

"చెప్పాడుగా, పైన" అన్నారు విల్మా గారు, కళ్లు తుడుచుకుంటూ. చెంపలు ఎర్రబడ్డాయి. "ఊరందరికీ మొత్తం చదివి వినిపించాలా ఏమిటి?"

టెగన్ రంపం తెచ్చింది. పై వరుస కింద సుద్దతో గీత గీసి, "ఇక్కడి వరకే కోయమంటారా అమ్మా?" అని అడిగింది.

ఆవిడ ఆ సుద్దగీతను అరచేత్తో చెరిపేశారు.

"రెండూ కొయ్యి తల్లీ. రెండోది లేకపోతే అది మా డెస్ రాసినట్టుండదు."

మధ్యాహ్నానికి ఆ పలక ఇంటి వెనక అరుగెక్కింది. మోసింది నేనూ ఉర్బానో. మెర్విన్ నడుము పట్టుకుని పక్కన నడుస్తూ, కేసు ఛేదించిన పద్ధతి వివరించాడు.

శుక్రవారం కొత్త కాంక్రీటు పోశారు. నున్నగా చదును చేసి, తాళ్లు కట్టి, టెగన్ మనుషులు లారీ ఎక్కారు. టెగన్ కూడా వెళ్లబోతూ ఆగింది. విల్మా గారు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో మేకు.

టెగన్ ఆ మేకు వైపు చూసింది. ఫోను మోగకపోయినా తీసి చెవికి పెట్టుకుని, మాకు వీపు పెట్టి, రోడ్డవతలి చెట్లకేసి చూస్తూ నిలబడింది. నేనూ ఉర్బానో విల్మా గారిని చెరో రెక్క పట్టుకుని వంచాం. అంచు దగ్గర రాస్తారనుకున్నాను. ఆవిడ చెయ్యి చాచగలిగినంత చాచి, బాటకు నట్టనడుమ, ఏ గడ్డీ పాకలేని చోట, పెద్ద పెద్ద అక్షరాలతో రాశారు:

"నువ్వే తెరిచావు, డెస్."